కోట చూసినవారికి కొత్తవాడ దారి చెప్పేవారేరి?

సంపాదకులకు నమస్కారం.

గత నెల రెండో ఆదివారం నాడు మా చిన్నమ్మ కూతురు, ఆమె భర్త, ఇంటర్మీడియట్ చదువుతున్న వారి అమ్మాయి విజయనగరం నుంచి మా ఇంటికి వచ్చారు. పొద్దున కాజీపేటలో దిగి, రాత్రి మళ్లీ అక్కడే రైలెక్కవలసినవారు కావడంతో వారి చేతిలో ఉన్నది ఒక్క పగలే. ఆ పగట్లో వరంగల్ చూడాలని, ఊరి పేరు చెప్పుకోదగిన వస్తువు ఒకటి కొనుక్కెళ్లాలని మా చెల్లెలి కోరిక. ముప్పై ఏళ్లు హనుమకొండలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని, ఇదేమంత పని అనుకున్నాను. ఊరు చూపించడం బాగానే సాగింది. నేతకారుల వాడ అయిన కొత్తవాడలో నేసే జంపఖానా, అంటే నేల మీద పరిచే నూలు తివాచీ, కొనిపించే దగ్గర మాత్రం నా ఊరు నాకే సరిగా తెలియదని తేలింది. ఆ విషయం ఒక్కటే మనవి చేసుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా వేయి స్తంభాల గుడికి వెళ్లాము. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయంలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లున్నా ఇప్పుడు పూజలందుకుంటున్నది రుద్రేశ్వరుడొక్కడే. గుడికీ కల్యాణ మండపానికీ నడుమ నల్లరాతి నంది. మా మేనకోడలు ఆ నంది ముందు నుంచి చాలాసేపు కదలలేదు. మెడలోని గంటల పేటను, వాటి మీది సన్నని చెక్కడాన్ని వేలితో తాకకుండానే గీతగీతా చూసింది. కల్యాణ మండపాన్ని 2006 ప్రాంతంలో రాయిరాయిగా విప్పదీశారని, ఆ రాళ్లు ఏళ్ల తరబడి ఆవరణలోనే పడి ఉన్నాయని, తిరిగి నిలబెట్టి జనానికి తెరిచేసరికి 2024 మార్చిలో శివరాత్రి వచ్చిందని చెబితే ఆమె నమ్మలేకపోయింది. నేను పనిచేసిన కాలంలో సగానికి పైగా పిల్లలకు ఆ మండపాన్ని చూపించలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. పునాది గురించి అడిగితే, కాకతీయులు గోతిని ఇసుకతో నింపి గట్టిపరచి దాని మీద రాతి కట్టడాన్ని లేపేవారని చెప్పాను. 'ఇసుక మీద ఇంత బరువా మామయ్యా' అంటూ ఆమె తన చెప్పుల కింది నేల వంక చూసుకున్న తీరు నాకు గుర్తుండిపోయింది. ఇంతలో పక్కన ఎవరో ఈ గుడి నుంచి కోట దాకా సొరంగం ఉందని తమవారికి చెబుతున్నారు. చిన్నప్పటి నుంచి ఈ మాట వింటున్నాను గాని ఆ సొరంగంలో నడిచినవారెవరూ ఇంతవరకు నాకు కనిపించలేదు.

భద్రకాళి గుడిలో దర్శనం చేసుకుని, చెరువు కట్ట మీద పావుగంట నిలబడి, ఎండ ముదరకముందే కోటకు చేరాము. కోట గురించి మీ పాఠకులకు కొత్తగా చెప్పవలసినది తక్కువే అయినా, బయటి ఊరివారితో కలిసి చూసినప్పుడు మనకు అలవాటై కనపడకుండా పోయినవి మళ్లీ కనపడతాయి. దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతి ప్రాకారం, దాని చుట్టూ మట్టి కోట, లోపలికి నేరుగా దూసుకుపోనివ్వకుండా మెలికలు తిరిగే ద్వారాలు చూసి మా బావగారు ఆశ్చర్యపోలేదు. ప్రాకారం లోపల ఇప్పటికీ పొలాలు దున్నుకుంటున్నారని, మధ్యకోట, తూర్పుకోట, పడమరకోట అంటూ మనుషులు కాపురాలుంటున్నారని తెలిసి ఆశ్చర్యపోయారు. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన గోడల మధ్య, 1323లో ఢిల్లీ సైన్యం చేతికి చిక్కిన ఊళ్లో, ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా పొద్దున్నే పాలు పితుకుతున్నారు. స్వయంభూ ఆలయం నేలమట్టమైనా దాని నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు నిలిచాయి. వాటి మీద దేవతల బొమ్మలు లేకపోవడం వల్లే, తామర మొగ్గలు, హంసలు, మకరాలు మాత్రమే ఉండటం వల్లే అవి బతికిపోయాయని కొందరంటారు. 2014లో రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది ఆ తోరణమే. ఖుష్‌మహల్ దగ్గర మాత్రం నాకు కాస్త చిక్కు వచ్చింది. దాన్ని 16వ శతాబ్ది మొదట్లో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని మేము చదువుకున్నాము, పిల్లలకూ అదే చెప్పాము. ఆ వాలు గోడలు, ఆ కమానులు చూస్తే అది అంతకు రెండు వందల ఏళ్ల ముందటి తుగ్లక్ కాలపు సభామందిరమని వాదించే చరిత్రకారులున్నారు. రెండు మాటలూ చెప్పి, నచ్చింది నమ్ముకోమ్మా అన్నాను.

అసలు విషయానికి వస్తాను. కోట ముందు మక్క కంకులు కాల్చి అమ్ముతున్నారు. చెరకు రసం ఉంది, టోపీలున్నాయి, ప్లాస్టిక్ బొమ్మలున్నాయి, ఏ ఊరి జాతరలోనైనా దొరికే గాజులు, ఉంగరాలు ఉన్నాయి. మా చెల్లెలు ఆ బండ్లన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చి, 'అన్నయ్యా, ఇందులో మీ ఊరిది ఏది' అని అడిగింది. మక్క కంకి తప్ప నేను చూపించగలిగింది ఏమీ లేకపోయింది. పొట్టకూటి కోసం బండి పెట్టుకున్నవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారు అడిగినవి తెచ్చి అమ్ముతారు. మన ఊరి వస్తువు ఫలానా అని తెలియని యాత్రికుడు దాన్ని అడగడు, అతను అడగనిదాన్ని బండివారు తేరు.

మధ్యాహ్నం భోజనం చేసి బజారుకు వెళ్లాము. వరంగల్ జంపఖానా కొనాలన్నది నా సలహాయే. పెండ్లి పందిట్లో, సభల్లో, బడుల్లో మా తరం వారంతా దాని మీదే కూర్చున్నాము. షత్రంజి అన్నా జంపఖానా అన్నా మాకు ఒకటే. వీధి పేరు కూడా చెప్పను గాని, ఒక పెద్ద దుకాణంలో 'అసలు వరంగల్ చేనేత' అంటూ ఒకటి పరిచి చూపించారు. రంగులు మెరుస్తున్నాయి. ధర చెబితే మా బావగారు నా వంక చూశారు, నేను ఊరి పరువు కాపాడటానికి అన్నట్లు ఆ మాత్రం ఉంటుందన్నాను. మా మేనకోడలు దాన్ని తిప్పి చూసింది. వెనక వైపు రంగు వెలవెలబోతోంది, పువ్వు సగమే పడింది. అంచున ఏదో చీటీ కుట్టి తర్వాత కత్తిరించిన గుర్తు ఉంది. మిగిలిన ముక్క మీద వేరే రాష్ట్రంలోని ఒక ఊరి పేరు సగం కనబడుతోంది. దుకాణదారుడు తొణకలేదు. 'ఎక్కడ నేస్తేనేం సార్, అమ్మేది వరంగల్‌లోనే కదా' అన్నాడు. ఊరి పేరు చెప్పి ఊరిది కాని సరుకు అంటగట్టడానికి ఇంతకంటే సులువైన సమాధానం ఉండదేమో.

అప్పటికి మధ్యాహ్నం మూడయింది. ఉత్త చేతులతో ఇంటికి మళ్లుతుంటే నా పాత విద్యార్థి ఒకరు దారిలో ఎదురై సంగతి విని, 'సారూ, కొత్తవాడకు పోక ఈడ తిరుగుతున్నరా' అన్నాడు. అదే మాట నాకు తోచకపోయినందుకు సిగ్గుపడ్డాను. మేము ఆ రోజు కోటకు పోతూ వస్తూ కొత్తవాడకు అంత దూరమేమీ కాని దారినే రెండుసార్లు వెళ్లాము. ఆ దారి పొడుగునా ఇటు వెళ్తే జంపఖానా నేసే వాడ వస్తుందని చెప్పే బోర్డు ఒక్కటి కూడా మా కంట పడలేదు.

కొత్తవాడలో మేము వెళ్లిన ఇంట్లో ముందు గది అంతా మగ్గమే. పెద్దాయన నేస్తున్నాడు, ఆయన భార్య పక్కన కండెలకు నూలు చుడుతోంది. మా మేనకోడలు అడిగిన ప్రతిదానికీ ఆయన పని ఆపి మరీ జవాబు చెప్పాడు. నిలువునా లాగి కట్టినది పడుగు, అడ్డంగా నడిచేది పేక. రంగు మారే చోట రెండు రంగుల పేక దారాలను ఒకదానిలో ఒకటి మెలిపెట్టి నేస్తారు కాబట్టి నడుమ చీలిక రాదు. ఆ పువ్వు నేతలోనే పుడుతుంది కాబట్టి రెండు వైపులా ఒక్కతీరుగానే కనిపిస్తుంది. 'గీ అంచు చూడమ్మా, జరంత వంకర ఉన్నదా? అది చెయ్యి. మిషిన్‌కు వంకర రాదు' అన్నాడాయన నవ్వుతూ. నేసిన బట్ట మీద కలంకారీ అచ్చు వేసేవి కూడా ఉంటాయని, వాటికి ఒక పక్కే బొమ్మ ఉంటుందని, కాబట్టి తిప్పి చూడటం ఒక్కటే పరీక్ష కాదని, నూలు పట్టి చూడాలని ఆయనే చెప్పాడు. అమ్ముకోవలసిన మనిషి తన సరుకును ఎలా శంకించాలో కూడా కొనేవాళ్లకు నేర్పడం ఆ రోజు నేను చూసిన వాటన్నిటిలోకి అరుదైన దృశ్యం. ఆ ఇంటి నుంచి ఎరుపు, నలుపు గీతల జంపఖానా ఒకటి కొన్నాము. ధర ఆ దుకాణంలో చెప్పినదానిలో సగానికి కాస్త ఎక్కువ. ఇంకొకటి నీలం రంగులో కావాలని మా చెల్లెలు అడిగితే, నేసి పెడతానని ఆయన కొలత రాసుకున్నాడు.

ఈ పని నిన్న మొన్నటిది కాదు. ఇక్కడి తివాచీల నేత మొఘలుల కాలపు వలసలతో వచ్చిందంటారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీని ఉంచారు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు, మోటుపల్లి రేవు మీదుగా వెళ్లే కాకతీయ రాజ్యపు సన్నని వస్త్రాలు సాలెగూడు దారాల్లా ఉంటాయని మార్కో పోలో రాసుకున్నాడు. 1934లో ఆజంజాహీ బట్టల మిల్లు వచ్చింది. అది మూతపడ్డాక కూడా మగ్గం ఆడుతూనే ఉంది. 2018లో వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు గోడకు తగిలించుకునే పటం కాదు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరును తప్పుగా తగిలించి వేరే సరుకు అమ్మడం శిక్షార్హమైన నేరం. చేతి నేతకు హ్యాండ్లూమ్ మార్క్ అనే ముద్ర 2006 నుంచి ఉంది. ఆ ముద్ర ఏదని మేము దుకాణంలో అడిగి ఉండాల్సింది. అడగాలని మాకు తెలియకపోవడంలో సగం తప్పు మాదే అని ఒప్పుకుంటాను. మిగిలిన సగం, ఊరికి వచ్చినవారికి ఆ సంగతి చెప్పవలసినవారిది.

2021 జూలైలో రామప్పకు ప్రపంచ వారసత్వ హోదా వచ్చిన తర్వాత హైదరాబాద్ నుంచి బస్సులు, కార్లు మునుపటికంటే ఎక్కువగా ఈ దారిన సాగుతున్నాయి. అలా వచ్చేవారిలో మా ఎరుకలోని చాలామంది పొద్దున బయలుదేరి, రామప్ప గుడి ఉన్న పాలంపేట చూసుకుని, తిరుగు దారిలో వేయి స్తంభాల గుడిలో గంటసేపు ఆగి, చీకటి పడేసరికి ఉప్పల్ చేరుకుంటున్నారు. వారి సంచిలో ఈ నేలకు చెందిన వస్తువు ఏదీ ఉండటం లేదు. వారికి ఇష్టం లేక కాదు, దొరికే చోటు తెలియక. పెంబర్తి వారి దారిలోనే జనగామ దగ్గర ఉంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద కొట్టే బొమ్మలు, దేవతల కవచాలు దేశమంతా తెలిసినవే అయినా కారు అద్దంలోంచి ఆ ఊరు ఒక్క నిమిషంలో దాటిపోతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా మిరప సంగతి తీసుకోండి. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉన్న ఆ మిరప ఎనుమాముల మార్కెట్‌లో బస్తాల లెక్కన అమ్ముడవుతుంది గాని పావు కిలో పొట్లంగా యాత్రికుడి చేతికి రాదు. సకినాలు, సర్వపిండి మాట చెప్పనే అక్కరలేదు.

2015లో కేంద్రం వారసత్వ నగరాల పథకానికి ఎంచుకున్న 12 ఊళ్లలో మనదీ ఒకటి. కోట్ల రూపాయలతో కొత్త భవనం కట్టి దానికి 'శిల్పారామం' వంటి పేరు పెట్టమని నేను అడగడం లేదు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల నిర్మాణం నిషేధమని, ఆ పై మరో 200 మీటర్ల దాకా అనుమతి లేకుండా కట్టరాదని 2010 నాటి సవరణ చట్టం చెబుతోంది. ఆ నియమం ఉండవలసిందే. అలాంటి చోట గోడ కట్టనక్కరలేని పని చేయవచ్చు. కోట దగ్గర, వేయి స్తంభాల గుడి దగ్గర, భద్రకాళి చెరువు కట్ట దగ్గర యాత్రికుడు నిలబడి చదివే ఎత్తులో ఒక బోర్డు పెట్టాలి. అందులో కొత్తవాడకు దారి, దూరం, నేతకారుల సహకార సంఘాల చిరునామా, జంపఖానా కొలతను బట్టి ఇంత ధర అనే వివరం, అసలుదాన్ని గుర్తుపట్టే తీరు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో ఉండాలి. కనీసం శని, ఆదివారాల్లో సంఘాల వారు ఒక వ్యాన్‌లో సరుకు తెచ్చి అమ్ముకోవడానికి నిర్ణీత స్థలం చూపించాలి. రైల్వే వారు 2022 నుంచి 'ఒక స్టేషన్ – ఒక ఉత్పత్తి' పేరుతో స్థానిక వస్తువులకు ప్లాట్‌ఫారం మీద చోటిస్తున్నారు. కాజీపేట, వరంగల్ స్టేషన్లలో ఆ చోటు జంపఖానాకు ఏడాది పొడుగునా దక్కాలి. స్టేషన్ నుంచి కోట, కొత్తవాడ, భద్రకాళి, వేయి స్తంభాల గుడి చుట్టి తిరిగి స్టేషన్‌కు చేరే చిన్న బస్సు సెలవు రోజుల్లోనైనా నడిస్తే, ఆటోవాడితో బేరమాడలేక సగం చూసి వెళ్లిపోయేవారి సంఖ్య తగ్గుతుంది. ఆ రోజు మేము ఆటోలకు పెట్టిన డబ్బు లెక్క చూసి మా బావగారు, మీ ఊళ్లో చూడటానికి కంటే తిరగడానికే ఖర్చెక్కువ అని హాస్యమాడారు.

అంతా ఆన్‌లైన్‌లో దొరుకుతున్న రోజుల్లో ఇవన్నీ ఎందుకని కొందరు అనవచ్చు. దొరుకుతున్న మాట నిజమే. దుకాణంలో మమ్మల్ని మోసగించబోయిన సరుకు లాంటిది కూడా అక్కడ వరంగల్ పేరుతోనే దొరుకుతుంది. తెర మీద దాన్ని తిప్పి చూడలేము, నూలు పట్టి చూడలేము. నేతకారులే బజారులో దుకాణాలు పెట్టుకోవచ్చు కదా అనేవారు ఆ బజారులో అద్దెలు ఎంతున్నాయో ఒకసారి విచారించి మాట్లాడాలి.

ఓరుగల్లులో ఒక పగలంతా తిరగడం అనగానే తెలుగు చదువుకున్నవారికి కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించే పాత కావ్యం 'క్రీడాభిరామం' గుర్తుకు రాక మానదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు తెల్లవారింది మొదలు ఈ ఊరి వీధుల్లో తిరుగుతూ చూసినవి చూసినట్లు చెప్పుకుంటారు. పూటకూళ్లింట్లో మంచి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్లు, గడ్డపెరుగు, ఇన్నీ కలిపి ఒక్క రూక అని ధర సహా అందులో ఉంది. బయటివాడు వస్తే ఏమి దొరుకుతుందో, ఎక్కడ దొరుకుతుందో, ఎంతకు దొరుకుతుందో ఆ పద్యం ఒక్కటి చెప్పేసింది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం సంగతి కూడా అంతే. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని, ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా రాతి మీద చెక్కించాడు. పరదేశి వర్తకుడికి భయం లేకుండా చేయడానికి అప్పుడు వారికి కావలసి వచ్చింది ఒక రాయి, ఒక ఉలి. మనకు కావలసింది ఒక రేకు బోర్డు, నాలుగు డబ్బాల రంగు.

ఈ లేఖను సంబంధిత శాఖల వారు చూస్తారన్న నమ్మకంతో రాస్తున్నాను. పాఠకుల్లో కొత్తవాడ వారు ఎవరైనా ఉంటే, యాత్రికులకు ఏ రోజుల్లో, ఏ వేళల్లో వస్తే నేత చూడటానికి, కొనడానికి వీలవుతుందో మీ పత్రికకు రాయవలసిందిగా కోరుతున్నాను. పని వేళల్లో ఊరివారంతా వచ్చి మగ్గం ముందు నిలబడితే వారికీ ఇబ్బందే అని మాకు తెలుసు.

నీలం జంపఖానా సగం నేత పూర్తయిందని నిన్న పెద్దాయన ఫోన్ చేశాడు. దాన్ని తీసుకోవడానికి మా చెల్లెలి కుటుంబం మళ్లీ వస్తానంటోంది. ఈసారి మా మేనకోడలి స్నేహితురాళ్లు మరో ముగ్గురు వెంట వస్తారట. వారికి కూడా కొత్తవాడ దారి నేనే చూపించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.